బాణపు పింజ: బోథ్ అటవీ ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

బాణాన్ని గురించిన చరిత్ర రచన ఎక్కువగా ఇనుప ములికి చుట్టూనే తిరిగింది. కారణం స్పష్టమే. తెలంగాణలోని బృహత్ శిలాయుగపు సమాధుల్లో ఇనుము మిగిలింది. కర్ర, నరం, ఈక మట్టిలో కలిసిపోయాయి. భాష మాత్రం ఈకను మరవలేదు. అమరకోశం బాణానికి ఇచ్చిన పర్యాయాల్లో 'పత్రి', 'ఖగ' ఉన్నాయి, రెండూ పక్షివాచకాలే. తెలుగులో ఈకలు కట్టిన కొసకు 'పింజ' అని పేరు. 'పుంఖానుపుంఖంగా' అన్న మాట వాడేటప్పుడు ఆ కొస స్ఫురించేవారు నేడు అరుదు.

కడెం నదీ పరీవాహకంలోని బోథ్ ప్రాంతం గోండులు, కోలాములు, నాయకపోడుల నివాసభూమి. హైమన్‌డార్ఫ్ 1948లో ప్రచురించిన ఆదిలాబాద్ రాజగోండుల గ్రంథం వారిని ఉపశీర్షికలోనే రైతు సంస్కృతిగా పేర్కొన్నది. సేద్యం చేసే సమాజాల్లో వేట అనుబంధ వృత్తి. అందువల్లనే కావచ్చు, పింజ కట్టే పనితనానికి పరిశోధనలో దక్కిన చోటు స్వల్పం.

ఆ పనితనం సామాన్యమైనది కాదు. నెమలి పురిలోని కన్నుల ఈక చూపుకు అందమైనదే గాని పింజకు పనికిరాదు. దాని పోగులు విడివిడిగా ఉండి గాలికి వంగిపోతాయి. కావలసినది రెక్క ఈక. అందులో పోగులు సూక్ష్మమైన కొక్కేలతో ఒకదానినొకటి పట్టుకొని బిగువుగా నిలుస్తాయి. ఒక బాణానికి కట్టే ఈకలన్నీ ఒకే వైపు రెక్కవి కావాలి. కుడి, ఎడమ రెక్కల ఈకల వంపు ఎదురెదురుగా ఉంటుంది కనుక, వాటిని కలిపి కడితే బాణం నిలకడగా తిరగదు. ఈక కాడను నిలువునా చీల్చి, లోపలి బెండును గీకి, వింటినారి పట్టే గాడికి కొంత ఎడంగా అమర్చి, తడిపిన నరంతో చుడతారు. ఆరిన నరం కుంచించుకొని బిగుస్తుంది. ముందువైపు కాడ మొనను నున్నగా అణచకపోతే బాణం వదిలినప్పుడు అది విల్లు పట్టిన చేతిని గీరుతుంది. ములికి బరువైతే చిన్న పింజ చాలు. పిట్టల వేటకు మొద్దు కొస గల తేలిక బాణానికి పెద్ద ఈకలు కడితే అది త్వరగా వేగం కోల్పోయి దగ్గరలోనే పడుతుంది, వెతకడం సులభం.

1963లో నెమలి జాతీయ పక్షి అయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని మొదటి షెడ్యూలులో చేర్చి వేటను నిషేధించింది. వేట హక్కుల విషయంలో ఆ చట్టం మినహాయించిన షెడ్యూల్డు తెగలు నికోబార్ దీవులవి మాత్రమే. ఆదిలాబాద్ తెగలకు ఆ వెసులుబాటు లేదు. పక్షిని కాపాడటం అవసరమే, కాని దానితోపాటు ఒక హస్తకళకు ముడిసరుకు, ప్రయోజనం రెండూ పోయాయన్నది చరిత్రకారులు గుర్తించవలసిన విషయం. పింజకు ప్రాచీన గ్రంథాల్లో ప్రసిద్ధమైన రాబందు ఈక కూడా అందుబాటులో లేదు. పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు వల్ల 1990లలో రాబందులు వేగంగా అంతరించసాగాయి. పశువైద్యంలో దాని వాడకాన్ని 2006లో నిషేధించారు.

అయినా దీపావళి వేళ దండారిలో గుస్సాడీల తలపై నెమలి ఈకల తలపాగా నేటికీ కనిపిస్తుంది. చట్టం నెమలి తోక ఈకను మినహాయించింది. రెక్క ఈకకు ఆ మినహాయింపు లేదు.