మూడు గంటల సెగ: గ్వాంగ్‌డాంగ్ ఇళ్లలో సూప్ చరిత్ర

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోనూ, కాంటనీస్ మాట్లాడే హాంకాంగ్, మకావు నగరాల్లోనూ ఇంటిల్లిపాదీ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు తరచుగా అన్నం కంటే ముందే వడ్డించే సూప్‌ను ‘లౌ ఫో థోంగ్’ అంటారు. ‘లౌ’ అంటే పాత, ‘ఫో’ అంటే నిప్పు, ‘థోంగ్’ అంటే సూప్ కనుక, చాలాసేపు సెగ తగిలిన సూప్ అని దాని భావం. దీనిని కేవలం వంటగా చూస్తే చరిత్రలో సగమే తెలుస్తుంది, ఎందుకంటే ఉత్తరాది ఉచ్చారణలో ‘థాంగ్’ అయ్యే ఈ మాట మొదట వేడినీటిని సూచించి, తర్వాత వైద్య గ్రంథాల్లో కషాయానికీ వంటింట్లో సూప్‌కూ ఒకే పేరుగా స్థిరపడింది.

ఆహారాన్నీ ఔషధాన్నీ వేరు చేయని ఈ దృష్టి చాలా పాతది. జౌ వంశపు పాలనావ్యవస్థను వర్ణించే ‘జౌ లీ’ గ్రంథం ఆస్థాన వైద్యులను నాలుగు తెగలుగా చెప్పి, వారిలో మొదటి స్థానాన్ని రాజు భోజనాన్ని కనిపెట్టి చూసే ఆహారవైద్యులకు ఇచ్చింది. క్రీ.శ. 200 ప్రాంతపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ పేరిట నిలిచిన గ్రంథంలో, ప్రసవం తర్వాత కడుపులో మెలిపెట్టే నొప్పికి చెప్పిన యోగంలో మూడే వస్తువులుంటాయి: గొర్రె మాంసం ఒక జిన్, పచ్చి అల్లం ఐదు లియాంగ్‌లు, ‘దాంగ్‌గుయ్’ అనే సుగంధపు వేరు మూడు లియాంగ్‌లు. జిన్‌లో పదహారో వంతు లియాంగ్. వీటిని 8 షెంగ్‌ల నీటిలో, అంటే సుమారు లీటరున్నర నీటిలో వేసి 3 షెంగ్‌లు మిగిలేదాకా మరిగించి, గోరువెచ్చగా రోజుకు మూడుసార్లు తాగించాలి. నీటిని నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో ఇంకించే కషాయాలను ఎరిగిన తెలుగువారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. విశేషమేమిటంటే ఆ మందు ఇప్పటికీ చలికాలంలో ఇళ్లలో సూప్‌గానే కాగుతోంది. 7వ శతాబ్దంలో సున్ సిమియావ్ మరో అడుగు ముందుకు వేసి, రోగాన్ని మొదట ఆహారంతో కుదర్చాలనీ, కుదరనప్పుడే మందులకు పోవాలనీ చెప్పాడు.

గ్వాంగ్‌డాంగ్ ఉన్న లింగ్‌నాన్ ప్రాంతం, అంటే నాన్‌లింగ్ పర్వతాలకు దక్షిణాన ఉన్న భూమి, ఉక్కపోతకు పేరుపడినది. అక్కడి గాలిలోని తేమ ఒంట్లో చేరి రోగమవుతుందనీ, కొన్ని తిండ్లు ‘యిత్ హేయ్’ కలిగిస్తాయనీ జనం నమ్మకం. తెలుగులో ‘వేడి చేసింది’ అనే మాటకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది. ఈ సూప్‌కు వాతావరణమే మూలమని సాధారణంగా చెబుతారు గానీ, ఆ ఒక్క కారణం చాలదు. ఉక్కపోత ఉన్న ప్రతి నేలా ఇలాంటి సూప్‌ను కనలేదు. ఎండు ఆక్టోపస్ వంటి సముద్రపు సరుకు, షిన్‌హుయ్‌లో ఏళ్ల తరబడి నిల్వ చేసే ‘చెన్‌పి’ అనే ఎండు కమలా తొక్క, తామర దుంప అన్నీ చేతికందే అంగడి ఉండడం కూడా అంతే ముఖ్యం.

వండే తీరులో ఓర్పే ప్రధానం. పంది ఎముకలను మొదట చన్నీటిలో వేసి ఒక పొంగు రానిచ్చి, పైకి తేలిన నల్లటి నురగను పారబోసి, ఎముకలను కడిగి మట్టికుండలోకి మారుస్తారు. నానిన చెన్‌పి లోపలి తెల్లపొరను కత్తి అంచుతో గీకి తీసేస్తారు, లేకపోతే చేదు దిగుతుంది. నీళ్లన్నీ మొదటే పోసి, పెద్ద మంట మీద తెర్లనిచ్చి, సన్నసెగకు దించుతారు. ఉప్పు చివరనే పడాలి. ‘బౌ సామ్, డన్ సేయ్’ అన్నది వాడుక: కుండలో నేరుగా కాచితే (బౌ) మూడు గంటలు, మూతపెట్టిన గిన్నెను నీళ్లలో ఉంచి ఆవిరి వేడికి ఉడికిస్తే (డన్) నాలుగు గంటలు.

ఈ విద్యకు కొలతలు తక్కువ, కాలజ్ఞానం ఎక్కువ. వేసవిలో తొక్క తీయని బూడిద గుమ్మడి, పొడిగాలుల శరత్తులో బేరిపండు, చలికి గొర్రె మాంసం అన్న వరసను ఆడపిల్లలు తల్లి పక్కనో అత్త పక్కనో నిలబడి నేర్చుకున్నారు. మూడు గంటల సెగ అంటే మూడు గంటలు ఇంట్లో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉండడమే కాబట్టి, ఈ చరిత్ర చాలావరకు స్త్రీల శ్రమ చరిత్ర. షుండె ప్రాంతంలో పెళ్లి వద్దని ప్రతిన పూని, పెళ్లయిన స్త్రీలలా జడ విప్పి తమ తలను తామే ముడిచుకున్న పట్టుపరిశ్రమ స్త్రీలు, 1930లలో పట్టు వ్యాపారం కూలడంతో హాంకాంగ్, సింగపూర్‌ల సంపన్న గృహాల్లో వంటకత్తెలుగా చేరి ఈ పాకాన్ని వెంట తీసుకెళ్లారు. 1970ల తర్వాత హాంకాంగ్‌లో ఆ స్థానంలోకి ఫిలిప్పీన్స్ నుంచీ, తర్వాత ఇండొనేసియా నుంచీ వచ్చిన స్త్రీలు, తమ ఇళ్లలో ఎన్నడూ కాచని సూప్‌ను యజమానురాలి దగ్గర నేర్చుకున్నారు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు పెరిగాక వేడిని పట్టి ఉంచే జంట పాత్రలు వచ్చాయి: పొద్దున సూప్‌ను తెర్లించి లోపలి గిన్నెను బయటి పాత్రలో మూసేస్తే, మంట లేకుండానే రోజంతా ఉడుకుతూ ఉంటుంది, సాయంత్రం ఇంటికి చేరినవారు మూత తీసి ఉప్పు వేస్తారు.