అడగకుండా తెలుసుకోవడం: సామాజిక పరిశోధనలో జాడల కొలత

మనుషుల్ని ప్రశ్నించకుండా, వాళ్ల పనికి అడ్డం రాకుండా, వాళ్లు వదిలిన జాడలను బట్టి, దస్త్రాల్లో మిగిలిన లెక్కలను బట్టి అలవాట్లను అంచనా వేసే పద్ధతులను సామాజిక శాస్త్రంలో జోక్యరహిత కొలతలు అంటారు. ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే మనిషి మాటా నడతా మారతాయి. సర్వేకి వచ్చినవాళ్లు తాగుడు గురించి అడిగితే ఎవరైనా కాస్త తగ్గించే చెబుతారు. ఆ తేడాను తప్పించడానికే ఈ పద్ధతులు వచ్చాయి. వీటి చరిత్రను హైదరాబాద్ శివారులోని మేడ్చల్ ప్రాంతం నుంచి చెప్పడానికి మంచి కారణమే ఉంది. అడిగి తెలుసుకున్న ప్రసిద్ధ అధ్యయనం ఒకటి శామీర్‌పేటలో జరిగింది. అడగకుండానే నగరం గురించి ఎంతో చెప్పగల చెత్త దాని పొరుగున జవహర్‌నగర్‌లో పోగుపడింది.

శామీర్‌పేట అధ్యయనం 1951-52 నాటిది. ఉస్మానియా విశ్వవిద్యాలయం చేపట్టిన సామాజిక సేవా విస్తరణ పథకం కింద మానవ శాస్త్రవేత్త శ్యామాచరణ్ దూబే తన బృందంతో ఆ ఊరిని పరిశీలించారు. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం చదివేవాళ్లు కూడా బృందంలో ఉన్నారు. కులాలు, కుటుంబాలు, పండుగలు, సేద్యం అన్నీ ఊరివాళ్లతో మాట్లాడి, దగ్గరగా చూసి రాసుకున్నారు. దాని ఆధారంగా దూబే రాయగా 1955లో వెలువడిన ‘ఇండియన్ విలేజ్’ భారత గ్రామ అధ్యయనాల్లో తొలితరం పుస్తకంగా నిలిచింది. ఊళ్లో వైద్యమూ సలహాలూ అందించిన బృందానికి జనం ఇచ్చే జవాబుల్లో ఆ పరిచయం ప్రభావం ఎంతో కొంత ఉండక తప్పదు. ఇది దూబే లోపం కాదు, అడిగి తెలుసుకునే ప్రతి పద్ధతికీ ఉన్న ఇబ్బందే.

ఈ ఇబ్బందిని సూటిగా చర్చకు పెట్టిన పుస్తకం అమెరికాలో 1966లో వచ్చింది. యూజీన్ వెబ్, డొనాల్డ్ క్యాంప్‌బెల్, రిచర్డ్ ష్వార్ట్జ్, లీ సెక్రెస్ట్ కలిసి రాసిన ఆ పుస్తకంలో షికాగో మ్యూజియం ఉదాహరణ అందరికీ గుర్తుండిపోయింది. గుడ్డు పగిలి కోడిపిల్ల బయటికొచ్చే ప్రదర్శన చుట్టూ పరిచిన పలకలను ఆరు వారాలకోసారి మార్చాల్సి వచ్చేది. మిగతా చోట్ల అవే పలకలు ఏళ్ల తరబడి నిలిచేవి. ఏ ప్రదర్శన జనానికి ఎక్కువ నచ్చిందో అరిగిన నేలే చెప్పింది. అరుగుదల ఒక రకం జాడ, పోగుపడేది ఇంకో రకం.

పోగుపడే జాడల్లో చెత్తకు సాటి లేదు. అరిజోనా విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రవేత్త విలియం రాత్జే 1973లో టూసాన్ ఇళ్ల చెత్తను విద్యార్థులతో వేరు చేయించి తూకం వేయించడం మొదలుపెట్టాడు. సర్వేల్లో జనం చెప్పిన బీరు లెక్కకూ, డబ్బాల్లో దొరికిన ఖాళీ సీసాల లెక్కకూ పొంతన కుదరలేదు. గొడ్డుమాంసం కొరత వచ్చిన రోజుల్లోనే అది ఎక్కువగా చెత్తపాలైందని కూడా తేలింది. కొరత భయంతో జనం అలవాటు లేని రకాలు కూడా కొని నిల్వ చేసుకున్నారని, అందుకే వృథా పెరిగిందని రాత్జే వివరించాడు. ప్రశ్నావళితో ఇలాంటి సంగతి బయటపడటం కష్టం.

మన దగ్గర చెత్తను లెక్కించింది ఎక్కువగా ఇంజినీర్లే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోసం జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 2004-05లో 59 నగరాల చెత్తను పరిశీలించింది. హైదరాబాద్‌లో రోజుకు దాదాపు 2,200 టన్నులు వస్తున్నట్టు, అందులో సగానికి పైగా కుళ్లే పదార్థమేనని తేలింది. ఇలాంటి లెక్కకు వాడే పద్ధతి చూడ్డానికి సులువు. కుప్పను బాగా కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేస్తారు. ఎదురెదురు భాగాలు రెండు ఉంచి మిగతావి పక్కకు తోస్తారు. చేతికి అందేంత నమూనా మిగిలేదాకా ఇదే పని. ఆ తర్వాత కూరగాయ తొక్కలు, కవర్లు, గుడ్డపీలికలు, గాజు విడివిడిగా తూకానికి వెళ్తాయి.

అయితే జవహర్‌నగర్ డంపింగ్ యార్డులోని చెత్తను చూసి నగరవాసుల కొనుగోళ్లను నేరుగా లెక్కగడితే తప్పులో కాలేసినట్టే. పాత పేపర్లు, సీసాలు ఇంటి నుంచే పాత సామాన్ల కొట్టుకు వెళ్తాయి. ఇనుము, అట్టపెట్టెలు, గట్టి ప్లాస్టిక్‌ను చెత్త ఏరుకునేవాళ్లు దారిలోనే తీసేస్తారు. యార్డుకు చేరేది ఎవరికీ అక్కరలేనిది మాత్రమే. ఆ ఏరివేతను తెలుసుకోవాలంటే ఏరేవాళ్లతో మాట్లాడాల్సిందే. యార్డు నుంచి పక్కనున్న మల్కారం చెరువులోకి చేరిన మురుగు ద్రవాన్ని సీసాలో పట్టి పరీక్షించవచ్చు. యార్డు కంపుతో చుట్టుపక్కల కాలనీల జనం ఏళ్లుగా పడుతున్న బాధ మాత్రం వాళ్లు చెబితేనే తెలుస్తుంది. జాడల కొలత వాళ్ల మాట వినకపోవడానికి సాకు కాకూడదు.

తెలుగు నేల మీద జాడల కొలతకు అత్యంత స్పష్టమైన ఉదాహరణ 2020 ఆగస్టులో వచ్చింది. కోవిడ్ పరీక్షకు వచ్చినవాళ్ల లెక్కే ప్రభుత్వం దగ్గర ఉన్న సమయంలో పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో నమూనాలు తీసుకున్నారు. సోకినవారి మలంలో దాదాపు 35 రోజుల దాకా వైరస్ జన్యుపదార్థం కనిపించవచ్చన్న లెక్కతో, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి, అంటే జనాభాలో ఆరు శాతానికి పైగా, వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. లక్షణాలు లేనివాళ్లూ, అప్పటికే కోలుకున్నవాళ్లూ అందులో ఉన్నారు. అప్పట్లో శుద్ధి కేంద్రాలకు చేరింది నగర మురుగులో 40 శాతమే కాబట్టి మిగతా భాగానికి లెక్క విస్తరించాల్సి వచ్చింది.

లక్షల మంది మురుగు కలిసిపోయిన నీటిలో ఏ ఒక్కరి గుట్టూ బయటపడదు. అదే నమూనాను ఒక అపార్టుమెంటు గొట్టం దగ్గర తీస్తే ఆ రక్షణ చాలావరకు పోతుంది. ఇంటి చెత్త విషయంలోనూ ఇంతే. టూసాన్‌లో చెత్త వేరు చేసిన విద్యార్థులు ఇళ్లవాళ్ల పేర్లు నమోదు చేయలేదు, దొరికిన ఉత్తరాలు చదవకూడదన్న నియమానికి కట్టుబడి పనిచేశారు.