గాంబియా పిల్లలు, పెద్దల నెత్తురు

మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ కనుగొన్నాక శాస్త్రజ్ఞుల చూపు దోమ మీదే నిలిచిపోగా, కుట్టించుకున్న మనిషి ఆ రోగాన్ని ఎలా తట్టుకుంటాడన్న ప్రశ్న వెనుకబడింది. అయినా 1899-1900లో జావా, జర్మన్ న్యూగినీలలో వయసులవారీగా రక్తాన్ని పరీక్షించిన రాబర్ట్ కోచ్, పసిపిల్లల్లో విరివిగా కనిపించే పరాన్నజీవులు పెద్దల్లో అరుదని గమనించి, ఈ రక్షణ పుట్టుకతో వచ్చినది కాదనీ, పదేపదే జబ్బుపడి సంపాదించుకున్నదనీ తేల్చారు. ఆ సంపాదన పూర్తయ్యేలోగా ఎందరు పసివాళ్లు చనిపోతారన్నది మాత్రం ఆనాటి వలస వైద్యాన్ని అంతగా కలవరపెట్టినట్టు కనిపించదు.

రక్షణ రక్తంలో ఏ పదార్థంలో ఉందో తేలడానికి మరో ఆరు దశాబ్దాలు పట్టింది. గాంబియాలో మలేరియా మీద పనిచేస్తున్న ఇయాన్ మెక్‌గ్రెగర్, ప్రోటీన్లను వేరుచేయడంలో నేర్పరి అయిన సిడ్నీ కోహెన్‌తోనూ, కారింగ్టన్‌తోనూ కలిసి, ఏళ్ల తరబడి మలేరియాను ఎదుర్కొన్న పెద్దల రక్తం నుంచి గామా గ్లోబ్యులిన్‌ను, అంటే ప్రతిరక్షకాలు ఉండే ప్రోటీన్ భాగాన్ని, వేరుచేసి, తీవ్రంగా జబ్బుపడిన పిల్లలకు ఎక్కించారు. కొద్ది రోజుల్లోనే జ్వరం దిగి, పరాన్నజీవుల సంఖ్య బాగా పడిపోయింది. 1961లో వెలువడిన ఈ ఫలితాల్లో మరో సూక్ష్మం ఉంది: ఎర్రరక్తకణాల్లో అప్పటికే పెరుగుతున్న పరాన్నజీవుల జోలికి ఆ ప్రతిరక్షకాలు పోలేదు, కణం పగిలి బయటపడిన పిల్ల పరాన్నజీవులు కొత్త కణాల్లోకి చొరబడకుండా అడ్డుకున్నట్టు తోచింది. బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన గామా గ్లోబ్యులిన్ కూడా పనిచేయడం, తల్లి ప్రతిరక్షకాలు కడుపులోని బిడ్డకు చేరతాయనడానికీ, పుట్టిన తొలి నెలల్లో శిశువుకు కొంత రక్షణ ఉంటుందనడానికీ బలమిచ్చింది.

ఆ అరువు రక్షణ తరిగిపోయాక బిడ్డ సొంతంగా ప్రతిరక్షకాలను కూడగట్టుకోవడానికి ఏళ్లు పట్టడానికి ఒక ముఖ్య కారణం 1995లో బయటపడింది: ఫాల్సిపేరం అనే మలేరియా పరాన్నజీవి దాదాపు 60 జన్యువుల్లో ఒకదాని తరువాత ఒకటి వాడుకుంటూ, తాను చేరిన ఎర్రకణం పైపొర మీది ప్రోటీన్‌ను మార్చేస్తుంది కాబట్టి, ఒక రూపాన్ని గుర్తించడం నేర్చిన శరీరానికి మరో రూపం కొత్తగానే ఉంటుంది. అనేక రూపాలకు అలవాటుపడ్డ పెద్దవారిలోనూ పరాన్నజీవి పూర్తిగా పోదు. అది ఉన్నా జ్వరం రాదు, అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆఫ్రికా పిల్లలకు సిఫారసు చేసిన తొలి మలేరియా టీకా, 2023 నాటి రెండోది, రక్తంలోని పరాన్నజీవిని అడ్డుకునే ఈ దారిలో నడవలేదు. అవి రెండూ దోమ కాటుతో చర్మంలోకి దిగి కాలేయానికి చేరే పరాన్నజీవి తొలి దశను లక్ష్యంగా చేసుకున్నవే. గాంబియాలో గుణం చూపిన రక్తదశ ప్రతిరక్షకాలను పిల్లల్లో పుట్టించే టీకా ఇంకా ప్రయోగ దశలోనే ఉంది.