శస్త్రమునకు ముందటి భయము

“ఆపరేషను” అను మాట చెవిని బడినంతనే గుండె దడదడలాడుట పిరికితనమని మన యూళ్ళలో కొందఱు పరిహసింతురు. పరిహసించువారి పొట్టమీదికి కత్తి వచ్చినప్పుడు గదా వారి ధైర్యము తెలియుట! ఈ భయము క్రొత్తది కాదు. వైద్యులు దీనిని లెక్కచేసిన కాలములును గలవు, చేయని కాలములును గలవు.

సుశ్రుతసంహితలో శస్త్రకర్మకు పూర్వము రోగికి ఇష్టమైన యన్నము పెట్టుమనియు, త్రాగుడలవాటు గలిగి నొప్పికి తాళలేనివానికి ఘాటైన మద్యమిమ్మనియు విధి కలదు. అశ్మరి, అర్శస్సు మున్నగువానికి మాత్రము పరగడుపు. మూత్రకోశమందలి రాతిని కోసి తీయుటకు ముందు వైద్యుడు రాజానుమతి పొందవలెనట. కోయకున్న మరణము నిశ్చయము, కోసిన సంశయము. అట్టి చోట వైద్యునికిని భయమే. (నేడు మత్తుమందిచ్చుటకు ముందు డాక్టరు చెప్పిన వేళనుండి ఏమియు తినరాదు. సుశ్రుతుని పేరు చెప్పి ఎవరును భోజనము చేసి పోవలదు.)

మత్తుమందు లేని దినములలో ఆ నిరీక్షణము ఎట్టిదో ఫానీ బర్నీ యను ఆంగ్ల రచయిత్రి వ్రాసి యుంచినది. 1811 సెప్టెంబరు 30వ తేదీని పారిసు నగరమున, నెపోలియను సేనలో ప్రసిద్ధుడైన లారే యను శస్త్రవైద్యుడు ఆమె ఱొమ్మును తొలగించెను. ఆమె దిగులుపడకుండుటకై కొలది గంటలు ముందు మాత్రమే కబురు పంపిరి. చెప్పిన వేళకు వైద్యులు రాలేదు. ఆమె గదిలో పచారు చేయుచు, సిద్ధపఱచిన కట్టుగుడ్డలను చూచి తల్లడిల్లినది. ముఖముమీద కప్పిన పలుచని రుమాలులోనుండి ఉక్కు మెఱపు కనబడినదట! నెలల తరువాత తన సోదరికి ఈ వృత్తాంతము వ్రాయుటకే ఆమెకు చేయి రాలేదు. అయినను 1840 వఱకు బ్రదికినది.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను వైద్యశాలలో మార్టను ఈథరు నిచ్చెను. మఱుసటి యేడు సింప్సను క్లోరోఫారమును తెచ్చెను. నొప్పి పోయినది, భయము పోలేదు. 1848 జనవరిలో ఇంగ్లండున హానా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయించుకొన వచ్చి, భయముతో ఏడ్చుచు క్లోరోఫారము పీల్చి, కొలది నిమిషములలో మరణించెను. గోరుకొఱకు ప్రాణము!

ఈ చావుల కారణమును శోధించుటలో మన హైదరాబాదునకు భాగము కలదు. రెసిడెన్సీ వైద్యుడగు ఎడ్వర్డు లారీ కోరగా, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ధనమిచ్చి 1888లో ఒక సంఘమును, 1889లో రెండవదానిని పరిశోధనకై నిలిపెను. రెండవదానికి లండనునుండి లాడరు బ్రంటను వచ్చెను. వందలకొలది జంతువులపై పరీక్షించి, ముందు ఆగునది ఊపిరియే, గుండె కాదు, కావున శ్వాసను కనిపెట్టియుండుడని తేల్చిరి. శ్వాసను కనిపెట్టుమనుట మంచి మాటయే. గుండెకు హాని లేదనుట మాత్రము నిలువలేదు. 1911లో లీవీ యను నతడు పిల్లులపై పరీక్షించి, మత్తు పలుచగా నున్నపుడు ఎడ్రినలిను రక్తమున బడెనేని గుండె అదరి ఆగిపోవునని చూపెను. బెదరినప్పుడు మన శరీరమే పుట్టించు ద్రవమది. ఆ బాలిక చావునకు ఇదియే కారణమని నేడు పలువురు తలంతురు. ఇతర కారణములు చెప్పువారును గలరు. క్లోరోఫారము వాడుక ఇపుడు లేదు.

ఈథరు మొదట చూపబడిన ఆ బోస్టను వైద్యశాలలోనే ఎగ్బర్టు అను వైద్యుడును, ఆయన సహచరులును పొట్టకు శస్త్రచికిత్స పొందు 97 మందిని గమనించి 1964లో ఫలితము ప్రకటించిరి. కొందఱియొద్దకు మత్తుమందు వైద్యుడు ముందునాటి రాత్రియే పోయి, రేపు ఏమి జరుగును, మేల్కొన్న పిమ్మట నొప్పి ఎచ్చట నుండును, ఎట్లు పొరలిన, ఎట్లు ఊపిరి తీసిన తగ్గును అని కూర్చుండి చెప్పెను. తక్కినవారికి అట్లు చెప్పలేదు. చెప్పించుకొన్నవారికి నొప్పిమందు సుమారు సగమే పట్టినది. ఎవరికి చెప్పిరో ఎఱుగని శస్త్రవైద్యులే వారిని తక్కినవారికంటె రెండు దినములకు పైగా ముందుగా ఇంటికి పంపిరి.