బాల్‌గోళీ, పెన్నేరుగడ్డ, నందివర్ధనం: మత్తు చుట్టూ ఒక చిన్న చరిత్ర



పోయిన నెల నుంచి మన వాట్సాప్ గుంపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. పెన్నేరుగడ్డ పొడిని పాలల్లో కలిపి నలభై రోజులు తాగిస్తే ఎంతటి మత్తుమందు అలవాటైనా వదిలిపోతుందట, విదేశాల్లో ఎలుకల మీద పరీక్షించి రుజువు చేశారట. ముగ్గురు నలుగురు సభ్యులు ఇది నిజమేనా అని అడిగారు. ఒక ఇంట్లోనైతే కుర్రాడికి ఆస్పత్రి వాళ్లు ఇస్తున్న మాత్ర ఆపేసి ఈ పొడి మొదలుపెడదామనుకుంటున్నారని తెలిసింది. అందుకని ఈసారి రాయాలనుకున్న మగ్గాల కథను పక్కనబెట్టి ఈ సంగతి రాస్తున్నాం. కాస్త పొడుగే. ఓపిగ్గా చదవండి.

ముందు మన ఇంటి సంగతి. నల్లమందు మనకు కొత్తది కాదు. బొంబాయి మిల్లుల్లోకి మన పద్మశాలీలు, కామాఠీలు వచ్చి చేరిన రోజుల్లో ఆడవాళ్లు కూడా పనికి వెళ్లేవారు. చంటిబిడ్డను చూసుకోవడానికి చాలీలో మనిషి ఉండేది కాదు. బిడ్డ ఏడవకుండా పడుకోవాలంటే బాల్‌గోళీ ఒక్కటే దారి. అందులో ఉండేది నల్లమందే. 1931లో వెలువడిన విట్లీ కమిషన్ నివేదిక, అంటే కార్మికుల స్థితిగతుల మీద వేసిన రాయల్ కమిషన్ నివేదిక, మిల్లు కార్మికుల పసిబిడ్డలకు నల్లమందు పెట్టే అలవాటును ప్రస్తావించింది. ఆ తల్లులను తప్పుపట్టే హక్కు మనకు లేదు. పది గంటలు నిలబడి పనిచేసి వచ్చే మనిషికి మిల్లువాళ్లు ఉయ్యాలలగది కట్టించి ఉంటే ఆ గోళీ అవసరం వచ్చేదే కాదు.

అటు గోదావరి, విశాఖ మన్యాల్లో, ఒడిశా వైపు, చలిజ్వరం రాకుండా ఉంటుందని నల్లమందు ఉండ మింగేవారు. దేశంలో నల్లమందు వాడకం మీద 1893లో వేసిన రాయల్ కమిషన్ ముందు ఈ చలిజ్వరం వాదన గట్టిగానే వినిపించింది. ప్రభుత్వానికి నల్లమందు మీద వచ్చే రాబడి సంగతి తెలిసినవాళ్లకు ఆ వాదన అంత గట్టిగా ఎందుకు వినిపించిందో కూడా అర్థమవుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక లైసెన్సు దుకాణాలు దశలవారీగా మూతపడ్డాయి. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. ఇప్పుడు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు ఉన్న రైతులే గసగసాల మొక్క వేస్తారు. అవును, మనం కూరలో నూరి వేసే గసగసాలు ఆ మొక్క గింజలే. గింజలో మత్తు ఉండదనే చెప్పాలి, అదంతా కాయ గీస్తే కారే పాలలో ఉంటుంది. అయినా గల్ఫ్‌లో ఉన్న పిల్లలకు మాత్రం గసగసాల పొట్లం పంపకండి. అక్కడ అది నేరం.

ఆ పాలలోని అసలు పదార్థాన్ని, అంటే మార్ఫిన్‌ను, 1800ల మొదట్లో జర్మనీలో సెర్ట్యుర్నర్ అనే కుర్ర మందులమ్మేవాడు వేరుచేశాడు. నొప్పికి అంతకు మించిన మందు ఈనాటికీ అరుదు. ఆ మందు మనిషిని ఎందుకు పట్టుకుంటుందన్నది తేలడానికి మరో నూటయాభై ఏళ్లు పట్టింది. అది తేల్చడంలో సాయపడినవి కోతిజాతి, ఎలుకలు.

1940లో స్ప్రాగ్ అనే అమెరికన్ చింపాంజీల మీద చేసిన పని ప్రచురించాడు. వాటికి మార్ఫిన్ అలవాటు చేశాక ఒక పెట్టెలో సూది, ఇంకో పెట్టెలో అరటిపండు పెట్టాడు. మందు అందక తల్లడిల్లే వేళ, ఆకలిగా ఉన్నాసరే, అది సూది ఉన్న పెట్టెనే తెరిచేది. సూది పడ్డాక అరటిపండు వైపు వెళ్లేది. దీన్ని రెండుసార్లు చదవండి. ఇంట్లో అలవాటుపడ్డ మనిషి ఉన్నవాళ్లకు ఇది వేరే వివరించనక్కర్లేదు. బుద్ధిలేక కాదు, అన్నం మీద ఇష్టం లేక కాదు, ఆ వేళకు శరీరం అడిగేది అదే.

1954లో మాంట్రియల్‌లో ఓల్డ్స్, మిల్నర్ అనే ఇద్దరు ఎలుక మెదడులో సన్నటి తీగ పెట్టి, మీట నొక్కితే చిన్న కరెంటు తగిలేలా చేశారు. ఎలుక ఆ మీటను నొక్కుతూనే ఉంది. మెదడులో హాయికి ఒక చోటుందని అలా తెలిసింది. 1962లో వీక్స్ ఎలుకలు మీట నొక్కి తమంతట తామే మార్ఫిన్ రక్తంలోకి ఎక్కించుకునే ఏర్పాటు చేశాడు. అవి ఎక్కించుకున్నాయి కూడా. 1988లో ఇటలీలోని కాల్యరి నగరంలో డి కియారా, ఇంపెరాటో మరో మెట్టు ఎక్కారు. మనుషులు అలవాటుపడే మందులు ఎలుక మెదడులో ఒక చిన్న ముద్దలాంటి చోట డోపమిన్ అనే రసాయనాన్ని పెంచుతున్నాయని కొలిచి చూపారు.

ఈ పరీక్షల్లో సులువైనది రెండు గదుల పరీక్ష. ఒక పెట్టెలో గీతల గోడల గది ఒకటి, తెల్ల గోడల గది ఒకటి. కొన్నాళ్లు గీతల గదిలో మార్ఫిన్ ఇస్తారు, తెల్ల గదిలో ఉప్పునీళ్ల సూది ఇస్తారు. తర్వాత ఏ సూదీ లేకుండా తలుపు తెరిచి వదిలితే ఎలుక ఏ గదిలో ఎక్కువసేపు కూర్చుంటుందో చూస్తారు. మత్తు దొరికిన గదిలోనే కూర్చుంటుంది. మానేసి ఊరికి తిరిగొచ్చిన మనిషిని పాత సందు, పాత స్నేహితుల అడ్డా లాగేస్తాయే, అదే ఇది.

ఇప్పుడు మన పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ. 1997లో చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి కులకర్ణి, నినాన్ ఒక పరిశోధన ప్రచురించారు. చిట్టెలుకలకు మార్ఫిన్‌తో పాటు అశ్వగంధ కూడా రోజూ ఇస్తే, మందుకు ఒళ్లు మొద్దుబారడం, ఆపినప్పుడు ఎగిరెగిరి గెంతడం రెండూ తగ్గాయి. అశ్వగంధ దానంతటది నొప్పి తగ్గించలేదు. ఆ తర్వాత మన నాసిక్‌కు చెందిన ఫార్మసీ ఆచార్యుడు కస్తూరే కాల్యరి వాళ్లతో కలిసి పనిచేశారు. 2009లో వచ్చిన వాళ్ల పరిశోధన మార్ఫిన్ ఆపినప్పుడు ఎలుక మెదడు కణాల మీద జరిగే నష్టాన్ని అశ్వగంధ సారం అడ్డుకుంటుందని చెప్పింది. కాల్యరిలోనే తర్వాత జరిగిన పనిలో, ముందుగా ఆ వేరు సారం ఇచ్చిన జంతువులు మార్ఫిన్ గది మీద మోజు పెంచుకోలేదు, డోపమిన్ కూడా ఎగబాకలేదు.

అంటే సందేశంలో ఉన్నది పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. పూర్తి అబద్ధమైతే ఎవరూ నమ్మరు.

వాళ్లు వాడింది కిరాణా కొట్టు పొడి కాదు. మిథనాల్‌తో తీసి, అందులో ఏ పదార్థం ఎంతుందో కొలిచిన సారం. ఎలుకకు మోతాదు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క. దాన్ని అరవై కిలోల మనిషికి గుణకారం చేస్తే సరిపోదు, ఎలుక ఒళ్లు మందును ఖర్చుచేసే వేగం వేరు. పైగా అవి ఆరోగ్యంగా పుట్టి, కొన్ని రోజులు మాత్రమే మార్ఫిన్ చూసిన జంతువులు. ఆరేళ్లు అలవాటుపడ్డ కుర్రాడితో వాటిని పోల్చలేం. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న మనుషుల కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది కూడా. నిషేధం సరైనదా కాదా అన్నది వేరే చర్చ, కానీ ఆయుర్వేదం కాబట్టి ఏమీ కాదు అనే మాట మాత్రం మానుకోవాలి.

ఇంకో మొక్క కథ ఉంది, అది మాకు మరీ ఇష్టం. ఆఫ్రికాలోని గాబన్‌లో ఇబోగా అనే పొద వేరును బ్విటి అనే సంప్రదాయంలో వాడతారు. దాని సారమైన ఇబోగైన్‌ను 1901లో ఫ్రెంచివాళ్లు వేరుచేశారు (మన యానాం వాళ్లకు పాత పరిచయస్తులే), తర్వాత లాంబరేన్ పేరుతో మాత్రలుగా అమ్మారు. 1962లో న్యూయార్క్‌లో లాట్సాఫ్ అనే పంతొమ్మిదేళ్ల హెరాయిన్ అలవాటు కుర్రాడు సరదాకు అది వేసుకుని, హెరాయిన్ కోరిక పోయిందని చెప్పాడు. 1991లో గ్లిక్ బృందం ఎలుకల్లో చూస్తే, ఇబోగైన్ ఇచ్చాక కొన్ని ఎలుకలు మార్ఫిన్ మీట నొక్కడం నిజంగానే తగ్గించాయి. కానీ ఎలుకలు వణికాయి. ఎక్కువ మోతాదులో చిన్నమెదడు కణాలు చచ్చాయని 1993లో మరో బృందం చూపింది. మనుషుల్లో గుండె లయ తప్పి ప్రాణాలు పోయాయి. దాంతో వణుకు లేని చుట్టం పదార్థాల కోసం వెతికారు. వాటిలో ఒకటి కొరొనారిడిన్. అది దొరికే మొక్కల్లో ఒకటి మన వాకిట్లో పూజకు కోసుకునే నందివర్ధనం! దాని ఆకారాన్నే కొద్దిగా మార్చి గ్లిక్ వాళ్లు కొత్త మందు తయారుచేసుకున్నారు. ఇది చదివి ఎవరూ నందివర్ధనం వేరు కషాయం కాచవద్దు. దయచేసి.

ఇక ఆ కుటుంబం సంగతి. కుర్రాడికి ఇస్తున్న మాత్ర బుప్రెనార్ఫిన్. నల్లమందు కూర్చునే చోటే అదీ కూర్చుని, తల్లడింపు రానివ్వదు. దాన్ని ఆపేస్తే కొన్ని వారాల్లో ఒళ్లు పాత మోతాదుకు అలవాటు తప్పుతుంది. అప్పుడు ఒక్కరోజు కాలు జారి, మునుపటంత వేసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. ఇలాంటి చావుల ముప్పు మళ్లీ మొదలుపెట్టిన తొలిరోజుల్లో ఎక్కువ. అశ్వగంధ చిట్టెలుకల్లో చేసినట్టే మనిషిలోనూ మొద్దుబారడాన్ని తగ్గిస్తే, ఆ పాత మోతాదు ఇంకా గట్టిగా తగలదా? పొడి తాగించాలనే ఉంటే మాత్ర రాసిన డాక్టరుకు చెప్పి, ఆయన సరేనంటే మాత్రతో పాటే ఇవ్వండి. మాత్ర మానిపించి మాత్రం కాదు.

కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446. బెంగళూరు సభ్యులకు నిమ్‌హాన్స్‌లో ఈ వ్యసనాలకే ప్రత్యేక విభాగం ఉంది. పేరు బయటపెట్టకుండా మాట్లాడాలనుకునేవాళ్లు సంఘం కార్యదర్శికి విడిగా సందేశం పెట్టండి, తోడుగా ఆస్పత్రికి వచ్చే మనుషులు మనలో ఉన్నారు.

ఒక మనవి. బాల్‌గోళీని మీ అమ్మమ్మలు, నాయనమ్మలు ఏ పేరుతో పిలిచేవారో, ఎక్కడ కొనేవారో గుర్తున్నవాళ్లు కింద రాయండి. షోలాపూర్, భివండి వాళ్లు ముఖ్యంగా. మిల్లుల నాటి తల్లుల గురించి విడిగా రాయాలని ఉంది.