తల్లి వైపు లెక్క

కెంటకీలో నేను కొన్ని నెలలు అద్దెకున్న ఇంటావిడ రిటైరైన స్కూలు టీచరు. ఆవిడ భోజనాల బల్ల మీద ఎప్పుడూ ఓ వంశవృక్షం పరచి ఉండేది. పూర్వీకులు 1780ల్లో వర్జీనియా నుంచి అపలాచియన్ కొండలు దాటి వచ్చారట. షానీలు, చెరోకీలు వేటాడుకునే నేలను ‘ఖాళీ అడవి’ అనుకుని వచ్చిన పయనీర్లు. మగవాళ్ళ పేర్లు ఎనిమిది తరాల వరకూ చకచకా దొరికాయి. మొదటి తరంలో భార్య గడి మాత్రం ఖాళీ. సాహిత్యంలో డాక్టరేట్ ఉంది కనక పాత దస్తూరీ చదవగలనని ఆవిడ నమ్మకం. నాకూ సరదా పుట్టింది.

కెంటకీకి 1790, 1800 జనాభా లెక్కల కాగితాలు మిగల్లేదు. పరిశోధకులు వాటి బదులు పన్నుల జాబితాలు చూస్తారు. వాటిలో ఇరవయ్యొకటి దాటిన తెల్ల మగవాళ్ళకో గడి, నల్ల బానిసలకో గడి, గుర్రాలకో గడి. తెల్ల ఆడవాళ్ళకి గడే లేదు. గుర్రం ఉందని తెలుస్తుంది, భార్య ఉందో లేదో తెలీదు! మొగుడు పోయి, ఆస్తి తన చేతికొచ్చి, పన్ను కట్టాల్సి వస్తేనే ఆడమనిషి పేరు కనబడేది. ఇక దేశవ్యాప్తంగా లెక్కల్లో ఇంటి పెద్ద పేరే కాక ఇంట్లో స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాయడం 1850లోనే మొదలైంది.

ఆవిడ వెతికే ముత్తవ్వ చివరికి దొరికింది, వితంతువుగానే. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుల భార్యలకు 1836 చట్టం పింఛను ఇచ్చింది. పెళ్ళి జరిగిందని రుజువు చూపాలి. సరిహద్దు పల్లెల్లో పెళ్ళికి కాగితం ఎక్కడిది? అందుకని ఎందరో ముసలమ్మలు ఇంటి బైబిల్లో పెళ్ళి తేదీ, పిల్లల పుట్టుకలు రాసుకున్న పేజీలు చింపి ప్రభుత్వానికి పంపేశారు. ఆ పేజీలు ఇప్పటికీ వాషింగ్టన్‌లోని జాతీయ పురావస్తు భాండాగారంలో ఉన్నాయి. మా ఇంటావిడ ముత్తవ్వ పేజీ కూడా ఉంది. సంతకం రాదు కాబోలు, దరఖాస్తు కింద ఓ ఇంటూ గుర్తు. ఆ రోజు మేమిద్దరం కేకు కోసుకున్నాం.

ఆ తర్వాత ముత్తాత వీలునామా చేతికొచ్చింది. అందులో భార్యకి పేరు లేదు. ‘నా ప్రియమైన భార్యకు’ అని మాత్రమే ఉంది. రెండు పంక్తుల కింద, పెద్ద కూతురికి ఇస్తున్న వాటిలో ఓ నల్ల స్త్రీ పేరుంది. ఇంటిపేరు లేని ఒట్టి పేరు. ఆమెతో పాటు ఆమెకు ఇకముందు పుట్టబోయే సంతానం కూడా.

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

భార్యకి లేని పేరు బానిసకి ఎందుకుంది? గౌరవంతో కాదు. భార్య ఎవరో ఊరందరికీ తెలుసు. ఆస్తి అయితే ఏ ఆస్తో తేడా రాకుండా గుర్తు పట్టాలి. ‘పుట్టబోయే సంతానం’ అన్న మాట వెనక 1662 నాటి వర్జీనియా చట్టం ఉంది. బిడ్డ బానిసా, స్వతంత్రమా అన్నది తల్లి స్థితిని బట్టే అని అది తేల్చింది. 1792లో వర్జీనియా నుంచి విడిపోయి రాష్ట్రమైన కెంటకీ కూడా ఆ పద్ధతినే నిలుపుకుంది. ఎంతకాలంగా మనం తల్లి వైపు వంశం లెక్కించాలని వాదిస్తున్నాం! అక్కడ చట్టమే లెక్కించింది, యజమాని తండ్రైనా బాధ్యత లేకుండా పోయేందుకు. తెల్ల బిడ్డకు తండ్రి ఇంటిపేరు, నల్ల బిడ్డకు తల్లి సంకెల. 1850, 1860 లెక్కల్లో బానిసలకు వేరే పట్టీలు పెట్టారు. వాటిలో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు రాశారు, పేర్లు మాత్రం సాధారణంగా రాయలేదు. అంటే ఈమె ఆనవాలు మాకు దొరికింది ఆ వీలునామాలోని ఒక్క పంక్తిలోనే.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి మా తాతమ్మ పుట్టింటి పేరు అడిగాను. “మామ్మ అనేవాళ్ళం, అంతే” అంది అమ్మ. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే చిరాకొచ్చింది. కానీ ఈ రెండు మరుపులనీ ఒకే గాటన కట్టలేను. మా తాతమ్మని ఎవరూ ఎవరికీ రాసివ్వలేదు.

ఇంటావిడ వారం రోజులు ఆ బల్ల దగ్గరికి రాలేదు. తర్వాత ఓ పొద్దున్న చూస్తే చార్టు పక్కన పసుపు చీటీ మీద ఆ స్త్రీ పేరు రాసి అంటించి ఉంది. గీత ఎక్కడినుంచి గీయాలో ఆవిడకి తెలియలేదు. గీయాల్సి వస్తుందేమోనన్న భయం కూడా ఉందని కాఫీ పోస్తూ తనే చెప్పింది. ఆ పెద్ద కూతురి వీలునామా నకలు కావాలని కౌంటీ ఆఫీసుకి ఉత్తరం రాసి, తప్పులున్నాయేమో చూడమని నాకిచ్చింది.