పెట్టె విప్పి చూసినోళ్ల చరిత్ర: చేత్తో చేసుకున్న సింథసైజర్లు



ఈసారి పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. సింథసైజర్ గురించి రాస్తున్నాం. అంటే కరెంటుతో శబ్దం పుట్టించే వాయిద్యం. మనకూ దానికీ ఏం సంబంధం అని కొందరికి అనిపించొచ్చు. మా హాస్టల్లో నలుగురం కలిసి రెండు నెలలుగా దీని చరిత్ర చదువుతున్నాం. ఇదంతా పెద్ద కంపెనీల కథ అనుకుని మొదలుపెట్టాం. చదివే కొద్దీ అందులో ఎక్కువ భాగం పెట్టె విప్పి, లోపల ఏముందో చూసి, తమకు కావాల్సింది తామే చేసుకున్నోళ్ల కథ అని తెలిసింది. ఆ పని మన పెద్దోళ్లకు కొత్తేం కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ పెట్టెలో ఏముంటుందో చూద్దాం. డప్పు మీద కొడితే తోలు అదురుతుంది, ఆ అదురు గాలిలో కదిలి చెవికి చేరుతుంది. సింథసైజర్‌లో మొదట అదిరేది కరెంటు. ఆసిలేటర్ అనే సర్క్యూట్ కరెంటును సెకనుకు ఇన్నిసార్లు అని పైకీ కిందికీ ఊపుతుంది. 440 సార్లు ఊపితే ఒక స్వరం. 880 సార్లు ఊపితే అదే స్వరం ఒక స్థాయి పైన వినిపిస్తుంది. తర్వాత ఫిల్టర్ వస్తుంది. శబ్దంలో ఉన్న పదునులో ఎంత ఉంచాలో, ఎంత తీసేయాలో అది చూసుకుంటుంది. ఆ తర్వాత శబ్దం ఎంత వేగంగా లేవాలి, ఎంత నెమ్మదిగా ఆగాలి అని చెప్పే ఇంకో సర్క్యూట్ ఉంటుంది. చివర్న స్పీకర్. ఇంతే. డప్పును మంట దగ్గర కాచి మోతను సరిచేసుకునే మనిషికి ఈ లెక్క అర్థం కావడం కష్టం కాదు. అక్కడ మంట చేసే పని ఇక్కడ ఒక నాబ్ చేస్తుంది.

ఇక చరిత్ర. 1920 ప్రాంతంలో రష్యాలో లియోన్ థెరెమిన్ అనే శాస్త్రవేత్త ఒక విచిత్రమైన వాయిద్యం చేశాడు. దాన్ని ముట్టుకోకుండానే వాయిస్తారు. రెండు యాంటెన్నాల దగ్గర చేతులు గాలిలో కదిలిస్తే ఒక చెయ్యి స్వరాన్ని, ఇంకో చెయ్యి శబ్దం పెద్దదా చిన్నదా అన్నదాన్ని మారుస్తుంది. దానికి ఆయన పేరే పడింది, థెరెమిన్ అని.

అమెరికాలో రాబర్ట్ మోగ్ అనే పిల్లవాడు పత్రికల్లో వచ్చిన సర్క్యూట్ బొమ్మలు చూసి చిన్నప్పుడే ఇంట్లో థెరెమిన్లు తయారుచేశాడు. 1954 నాటికి తండ్రితో కలిసి వాటిని అమ్మడం మొదలుపెట్టాడు. 1961లో ట్రాన్సిస్టర్లతో థెరెమిన్ ఎట్లా చేసుకోవాలో ఒక పత్రికలో రాశాడు. విడిభాగాలన్నీ కలిపి కిట్‌గా 49.95 డాలర్లకు ఇస్తే దాదాపు వెయ్యి అమ్ముడుపోయాయి. కొన్నోళ్లు ఇంట్లో కూర్చుని తామే అతికించుకున్నారు. ఆ అనుభవంతోనే 1964లో సంగీతకారుడు హెర్బర్ట్ డాయిష్‌తో కలిసి మోగ్ తన సింథసైజర్ చేశాడు. ఒక వోల్ట్ పెంచితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పెరగాలి అని ఆయన పెట్టిన లెక్క ఇవాళ్టికీ నడుస్తోంది. 1968లో వెండీ కార్లోస్ ఆ వాయిద్యం మీద బాఖ్ సంగీతం వాయించి రికార్డు విడుదల చేశాక లోకమంతా దాని వైపు చూసింది.

అదే కాలంలో అమెరికా ఇంకో కొసన, శాన్ ఫ్రాన్సిస్కోలో, డాన్ బుక్లా అనే ఆయన వేరే దారి పట్టాడు. మోర్టన్ సుబోట్నిక్, రామోన్ సెండర్ అనే సంగీతకారులు ఆయనకు 500 డాలర్లు ఇచ్చి తమకో వాయిద్యం చేసిపెట్టమన్నారు. ఆయన చేసిన దానికి పియానోలో ఉండే నలుపు తెలుపు మెట్లు లేవు. చేత్తో తాకే రేకులు పెట్టాడు. కొత్త వాయిద్యానికి పాత మెట్లు తగిలిస్తే చేతులు పాత పాటలే వాయిస్తాయని ఆయన ఆలోచన.

ఈ సంగతి దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. పియానో మెట్లలో ఒక స్థాయికి పన్నెండు స్వరాలు. అవి యూరప్ వాళ్లు తమ సంగీతం కోసం సమానంగా కోసుకున్న ముక్కలు. మన పెద్దోళ్ల పాటల్లో స్వరం చాలాసార్లు రెండు మెట్ల మధ్యలో ఉంటుంది. గోండుల కథలకు ప్రధాన్‌లు వాయించే కిక్రి మీద వేలు ఎక్కడ ఆపాలో వాయించే మనిషి చెవే చెప్తుంది. పెళ్లిలో కీబోర్డు మీద మన పాట వాయిస్తే ఏదో తేడాగా ఉంటుంది కదా. వాయించేవాడిది తప్పు కాదు, ఆ పెట్టెలో మన స్వరానికి చోటే పెట్టలేదు. ఒక వాయిద్యాన్ని ఎవరు తయారుచేస్తారో వాళ్ల చెవి అందులో కూర్చుంటుంది.

మన దేశానికి సింథసైజర్ ఎప్పుడు వచ్చిందో తెలుసా? 1969లోనే. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టారు. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మోగ్ సింథసైజర్‌ను అక్కడ అమర్చిపెట్టాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ పనిచేశారు. కొన్నేళ్లకే స్టూడియో ఆగిపోయింది. వాళ్లు చేసిన టేపులు దశాబ్దాల పాటు ఆ సంస్థలోనే పడి ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన పాల్ పర్గాస్ అనే కళాకారుడు వాటిని వెతికి పట్టుకుంటే 2023లో రికార్డుగా బయటికొచ్చాయి. అంటే చేసిన యాభై ఏళ్లకు.

ఇందులో మనకు రెండు పాఠాలు కనబడ్డాయి. ఒకటి, అంత ఖరీదైన యంత్రం దేశానికి వచ్చినా చదువూ డబ్బూ ఉన్న కొద్దిమంది గది దాటి రాలేదు. రెండోది, టేపు మీద ఉంది కాబట్టి యాభై ఏళ్ల తర్వాతైనా దొరికింది. టేపు మీదా కాగితం మీదా లేని మన తాతల వాయిద్యాల సంగతి ఏంది?

మోగ్, బుక్లాల యంత్రాలు మామూలు మనిషి కొనలేని ధర. అప్పుడే కిట్ల కాలం వచ్చింది. జాన్ సైమంటన్ అనే ఆయన ఓక్లహోమా సిటీలో 1967లో పయా ఎలక్ట్రానిక్స్ మొదలుపెట్టి, విడిభాగాలు పోస్టులో పంపేవాడు. ఇంట్లో సోల్డరింగ్ చేసుకుంటే సింథసైజర్ తయారు. 1972 నుంచి బెర్నీ హచిన్స్ 'ఎలక్ట్రోనోట్స్' అనే చిన్న పత్రిక నడిపి, సర్క్యూట్లు ఎట్లా పనిచేస్తాయో విడమర్చి రాశాడు. కాలిఫోర్నియాలో సెర్జ్ చెరెప్‌నిన్ అనే అధ్యాపకుడు తన విద్యార్థులతో కలిసి, తక్కువ ఖర్చులో అందరికీ అందే సింథసైజర్ చేద్దామని ఇంట్లోనే పని మొదలుపెట్టాడు. తలా కొంత డబ్బు వేసుకుని, బల్ల చుట్టూ కూర్చుని, ఎవరిది వాళ్లు సోల్డరింగ్ చేసుకున్నారు.

ఇదే కాలంలో ఇంకో చిన్న వస్తువు పుట్టింది. హాన్స్ కామెన్‌జిండ్ 1971లో 555 టైమర్ అనే ఐసీ డిజైన్ చేశాడు. పాలిటెక్నిక్‌లో చదివే ప్రతి ఒక్కరూ ల్యాబ్‌లో పట్టుకునే ఎనిమిది కాళ్ల చిప్ అదే. దాన్ని సంగీతం కోసం చేయలేదు, సమయం లెక్కకట్టడానికి చేశారు. కానీ కరెంటును ఊపడం దాని పని కాబట్టి శబ్దమూ పుట్టిస్తుంది. 1980లో ఫారెస్ట్ మిమ్స్ రెండు టైమర్లు కలిపి శబ్దం పుట్టించే చిన్న సర్క్యూట్‌ను తన నోట్‌బుక్ పుస్తకంలో ప్రచురించాడు. తర్వాతోళ్లు దానికి 'అటారి పంక్ కన్సోల్' అని పేరుపెట్టుకున్నారు. ప్రపంచంలో ఎంతోమంది మొదట చేసిన సింథసైజర్ అదే.

మేమూ దాంతోనే మొదలుపెట్టాం. రెండు టైమర్లూ ఒకే దాంట్లో ఉండే 556 ఐసీ, కొన్ని కెపాసిటర్లు, రెసిస్టర్లు, రేడియోలో వాల్యూమ్ తిప్పేలాంటి పాట్‌లు రెండు, 9 వోల్టుల బ్యాటరీ, పాత సెట్‌లోంచి ఊడదీసిన స్పీకర్. ఎలక్ట్రానిక్స్ చదివే సీనియర్ అన్న బ్రెడ్‌బోర్డు ఇచ్చాడు. రెండు వందల లోపే అయింది. ఒక పాట్ తిప్పితే శబ్దం కప్పలా బెకబెకమంటుంది, ఇంకోటి తిప్పితే కొమ్ము ఊదినట్టు పైకి లేస్తుంది. అందులో మెట్లు లేవు. స్వరం ఎక్కడ ఆపాలో మన చెయ్యే చూసుకోవాలి.

జపాన్ కథ ఇంకో రకం. రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ యంత్రాన్ని, ఆ తర్వాత టీబీ-303 అనే బేస్ యంత్రాన్ని తెచ్చింది. నిజమైన డ్రమ్ములా, గిటార్‌లా లేవని చాలామంది పెదవి విరిచారు. కొన్నేళ్లకే తయారీ ఆపేశారు. అవి సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా పడి ఉంటే షికాగోలోని నల్లజాతి కుర్రోళ్లు కొన్నారు. కంపెనీ చెప్పినట్టు వాయించకుండా నాబ్‌లు ఇష్టమొచ్చినట్టు తిప్పారు. 1987లో ఫ్యూచర్ అనే బృందం చేసిన 'యాసిడ్ ట్రాక్స్'తో ఒక కొత్త సంగీతానికే పేరొచ్చింది. దానికి ఐదేళ్ల ముందే, 1982లో, ముంబైలో సినిమా పాటలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ ఇవే యంత్రాల మీద పది రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైతే లోకం నోరు వెళ్లబెట్టింది.

1983లో ఇంకో పెద్ద అడుగు పడింది. రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కాకెహాషి, అమెరికా ఇంజనీరు డేవ్ స్మిత్ ముందుండి వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి తెచ్చారు. దాని పేరు మిడి. దాన్ని వాడుకోడానికి ఎవరి దగ్గరా ఫీజు తీసుకోలేదు. అందుకే ఇవాళ మన చేత్తో చేసిన పెట్టెను కూడా ఏ పెద్ద కంపెనీ కీబోర్డుకైనా తగిలించొచ్చు.

ఆ తర్వాత డిజిటల్ చిప్‌లు వచ్చి పెట్టె మళ్లీ మూసుకుపోయింది. శబ్దాలు లోపలే తయారుగా ఉంటాయి, మనం బటన్ నొక్కడమే. మన ఊళ్లకు వచ్చింది ఆ మూసిన పెట్టే. తిరిగి తెరిచినోళ్లు కూడా ఉన్నారు. 1990ల మధ్యలో జర్మనీలో డీటర్ డోఫర్ చిన్న చిన్న ముక్కలుగా కొనుక్కుని కలుపుకునే ఏ-100 పద్ధతి తెచ్చాడు. దాన్నే యూరోర్యాక్ అంటారు. 2005లో ఇటలీలో ఆర్డుయినో బోర్డు పుట్టింది. 2010లో కోర్గ్ కంపెనీ జేబులో పట్టే మోనోట్రాన్ తెచ్చి, దాని సర్క్యూట్ బొమ్మ కూడా బయటపెట్టింది. ఫ్రాన్స్‌లో ఎమిలీ జిలే తన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ డిజైన్లను ఎవరైనా చేసుకోమని ఇచ్చేసింది. రే విల్సన్ అనే ఆయన ఇంట్లో చేసుకునే సర్క్యూట్లన్నీ ఓపిగ్గా రాసిపెట్టి, 2013లో పుస్తకం కూడా వేశాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, మాకు ఒక మాట బాగా తగిలింది. మేము ఆ సర్క్యూట్ చూపిస్తే చదువుకున్న పెద్దమనిషి ఒకాయన, "మీకు డప్పూ డోలూ ఉన్నాయి కదా, ఇవన్నీ మీకెందుకు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కానీ ఆ ప్రేమలో ఒక గీత ఉంది. సంప్రదాయం మీది, టెక్నాలజీ మాది అనే గీత. మన వాయిద్యం టెక్నాలజీ కాదని ఎవరన్నారు? ఏ చెట్టు కర్ర పగలదు, ఏ తోలు ఎంత సాగుతుంది, ఎంత వేడికి ఎంత మోత పెరుగుతుంది అన్నది ఇంజనీరింగే. అరకు వైపు థింసాకు వాయించే తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు ఏ కంపెనీ నుంచీ రాలేదు. ఆదిలాబాద్ వైపు పెప్రె, కిక్రి కూడా అంతే. మనది మొదట్నుంచీ చేత్తో చేసుకునే సంగీతమే.

తేడా ఒక్కటే. మోగ్ రాశాడు, హచిన్స్ రాశాడు, మిమ్స్ రాశాడు. కాబట్టి ఎక్కడో ఉన్న మా హాస్టల్ గదిలో ఆ సర్క్యూట్ మళ్లీ మోగింది. మన దగ్గర ఆ విద్య మనిషి చేతిలో మాత్రమే ఉంది. కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. గుస్సాడీ కనకరాజు తాత కూడా అదే ఏడాది. అవార్డు ఫొటో మిగులుతుంది, చేతిలోని విద్య దానంతటదే మిగలదు. ఇంకోపక్క 'ట్రైబల్ డ్రమ్స్' అనే పేరుతో శబ్దాల ప్యాకులు అమ్ముతుంటారు. అవి ఎవరి డోలు, ఏ ఊరు, ఏ పండగ అని మన పిల్లలకు చెప్పాల్సింది మనమే.

డీజే వద్దు, డోలే ఉండాలి అని మేము అనట్లేదు. రెండూ విప్పి చూద్దాం అంటున్నాం. పాలిటెక్నిక్, ఐటీఐ, ఇంజనీరింగ్ చదివే మనోళ్లు చాలామంది ఉన్నారు. ల్యాబ్‌లో 555తో ఎల్ఈడీ వెలిగించి రికార్డు రాసేసి వదిలేయకండి, దానికి ఒక స్పీకర్ తగిలించి చూడండి. మన స్వరం ఆగే చోటికి నాబ్ తిప్పండి.

ఇంకో పని సెలవుల్లో. ఊరికి పోయినప్పుడు వాయిద్యం చేసే తాతనో, మామనో పక్కన కూర్చుని అడగండి. ఏ కర్ర, ఏ తోలు, ఎన్ని జానల పొడవు, ఏ నెలలో కోయాలి, ఎట్లా ఆరబెట్టాలి, దాన్ని మన భాషలో ఏమంటారు. ఆయన ఒప్పుకుంటేనే మోతను ఫోన్‌లో రికార్డు చేయండి. దేవుడి పనికి మాత్రమే వాడేదైతే, బయట పెట్టొద్దంటే పెట్టొద్దు. మిగతావి ఇక్కడ రాయండి. కోయ, గోండు, కొండరెడ్డి, సవర, లంబాడా, ఎవరిదైనా సరే. పది వాయిద్యాల కొలతలు వస్తే మేము బొమ్మలు గీసి, అన్నీ ఒక్క చోట పెట్టి, మన హాస్టళ్లన్నిటికీ పంపుతాం. మా దగ్గర ఇప్పటికి ఒక్క డోలు కొలతలే ఉన్నాయి.

జోహార్.